నార్త్ కరోలినాలో డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన కేసు) తర్వాత లిమిటెడ్ డ్రైవింగ్ ప్రివిలేజ్: మొదటి పది రోజుల్లో చేయాల్సినవి, అస్సలు చేయకూడనిది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు మోరిస్‌విల్‌లో ఉంటారు, హెచ్‌1బి మీద పనిచేస్తున్నారు. శనివారం రాత్రి ఫ్రెండ్ వాళ్లింట్లో పుట్టినరోజు పార్టీ నుంచి తిరిగొస్తుంటే పోలీసులు ఆపారు. కారులో మీరొక్కరే ఉన్నారు. బ్రెత్ టెస్ట్‌లో 0.11 వచ్చింది. ఆదివారం తెల్లవారుజామున మేజిస్ట్రేట్ మీ లైసెన్స్ తీసుకుని, 30 రోజులు బండి నడపకూడదని కాగితం ఇచ్చారు. మీ ఆవిడకి డ్రైవింగ్ రాదు. పాపకి నాలుగేళ్లు, డే కేర్ ఆరు మైళ్ల దూరం. ఆఫీసు పద్నాలుగు మైళ్లు, పైగా గురువారం రాత్రులు ప్రొడక్షన్ రిలీజులు. "పరిమిత లైసెన్స్ ఏదో ఇస్తారట కదా, అది వచ్చేదాకా ఇండియా లైసెన్స్ మీద జాగ్రత్తగా నడపొచ్చని ఫ్రెండ్ చెప్పాడు, నిజమేనా అన్నా?" అని అడిగారు.

ముందు ఆఖరి ముక్కకి జవాబు. నడపొద్దు. ఇండియా లైసెన్స్ మీద కాదు, ఇంటర్నేషనల్ పర్మిట్ మీద కాదు, వేరే స్టేట్ లైసెన్స్ ఉన్నా దాని మీదా కాదు. మేజిస్ట్రేట్ తీసుకున్నది ప్లాస్టిక్ కార్డు ఒక్కటే అనుకుంటారు చాలామంది. నిజానికి ఆపేసింది ఈ స్టేట్‌లో బండి నడిపే హక్కుని. ఇక్కడ హక్కు ఆగిపోయి ఉండగా బయటి లైసెన్స్‌తో నడపకూడదని నార్త్ కరోలినా చట్టంలోనే విడిగా రాసి ఉంది. మీ ఫ్రెండ్ మీ మంచి కోరే చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట పట్టుకుని మీరు స్టీరింగ్ పట్టుకుంటే కేసు రెండింతలు అవుతుంది.

నా గురించి ఒక్క మాట. నేను లాయర్‌ని కాదు. రాలీలో క్రిమినల్, ట్రాఫిక్ కేసులు చూసే ఒక చిన్న ఆఫీసులో పన్నెండేళ్లుగా పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. ఈ కాగితాలు తయారు చేయడం, కౌంటీ కోర్టుకి తీసుకెళ్లడం, క్లయింట్లకి ఫోన్ చేసి గుర్తుచేయడం నా రోజువారీ పని. మనవాళ్ల కేసులు చాలానే చూశాను. తాగి నడిపిన ఆ ఒక్క రాత్రి కంటే, ఆ తర్వాతి రెండు వారాల్లో చేసిన పనుల వల్ల ఎక్కువ నష్టపోయినవాళ్లని చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ కేసు చూడాల్సింది మాత్రం మీరు పెట్టుకునే లాయరే.

ఇందులో లైసెన్స్ రెండుసార్లు పోతుంది. అందరూ తికమకపడేది ఇక్కడే.

మొదటిసారి ఆదివారం పోయింది. దాన్ని సివిల్ రివొకేషన్ అంటారు. బ్రెత్ టెస్ట్‌లో 0.08 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినా, టెస్ట్‌కి ఒప్పుకోకపోయినా, నేరం రుజువు కాకముందే మేజిస్ట్రేట్ 30 రోజులు హక్కు ఆపేస్తారు. దీన్ని సవాలు చేయాలంటే 10 రోజుల్లోపు రాతపూర్వకంగా హియరింగ్ అడగాలి. రెండోసారి పోయేది కోర్టులో నేరం రుజువైతే, లేదా మీరే ఒప్పుకుంటే. మొదటి డీడబ్ల్యూఐకి అది ఏడాది. ఈ రెండింటికీ వేర్వేరు ప్రివిలేజ్‌లు, అంటే మీరడిగిన పరిమిత అనుమతులు, ఉన్నాయి. రెండూ ఇచ్చేది జడ్జి, లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసు కాదు. మనవాళ్లు అలవాటుగా డీఎంవీ లైన్‌లో నిలబడి, అక్కడి క్లర్క్ "మా దగ్గర కాదు" అంటే దిగులుగా తిరిగొస్తారు.

ఇప్పుడు మీకు కావాల్సింది మొదటి రకం. 30 రోజుల నిలిపివేతలో కనీసం 10 రోజులు గడిచాకే దీన్ని అడగొచ్చు. మీ లెక్క ఆదివారం మొదలైంది కాబట్టి వచ్చే వారం బుధవారానికి పది రోజులు నిండుతాయి. ఈ పది రోజులకి ఏ మినహాయింపూ లేదు. డే కేర్ అని చెప్పినా, ఉద్యోగం పోతుందని చెప్పినా జడ్జి ఏమీ చేయలేరు. మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఈ పది రోజుల్ని కాగితాలు పోగుచేయడానికి వాడుకుంటే బుధవారం నాడే జడ్జి ముందు నిలబడొచ్చు. ఏమీ చేయకుండా కూర్చుంటే పదకొండో రోజున మొదలుపెట్టి, ఇరవై అయిదో రోజుకి ప్రివిలేజ్ తెచ్చుకుంటారు. అప్పటికి మిగిలేది అయిదు రోజులు.

దీనికి అర్హతలు ఇవి. సంఘటన జరిగిన రోజుకి మీకు చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉండాలి, లేదా గడువు తీరి ఏడాది దాటకుండా ఉండాలి. మన హెచ్‌1బి వాళ్లకి లైసెన్స్ గడువు ఇక్కడ ఉండటానికి ఇచ్చిన అనుమతి కాగితాలతో ముడిపడి ఉంటుంది కదా, ఎక్స్‌టెన్షన్ ఆలస్యమై లైసెన్స్ గడువు తీరినా పట్టించుకోనివాళ్లు ఉంటారు. మీ కార్డు మీద తేదీ గుర్తులేకపోతే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఉన్న కాపీ చూడండి. ఈ కేసు తప్ప పెండింగ్‌లో మరో డీడబ్ల్యూఐ కేసు ఉండకూడదు. అసెస్‌మెంట్ చేయించుకుని, వాళ్లు సూచించిన క్లాసుల్లోనో చికిత్సలోనో పేరు నమోదు చేసుకుని, పూర్తి చేస్తానని ఒప్పుకోవాలి.

అసెస్‌మెంట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. స్టేట్ అనుమతి ఉన్న ఏజెన్సీలో ఒక కౌన్సిలర్ మీతో కూర్చుని మీ తాగుడు అలవాటు గురించి అడుగుతారు. మీ డ్రైవింగ్ రికార్డు, బ్రెత్ టెస్ట్ రీడింగ్ ఆ కౌన్సిలర్ చేతిలోనే ఉంటాయి. ఫీజు 100 డాలర్లు, చట్టమే నిర్ణయించింది. "అస్సలు తాగను, ఆ రోజే మొదటిసారి" అని అబద్ధం చెప్పేవాళ్లున్నారు. 0.11 రీడింగ్ ఎదురుగా ఉండగా ఆ మాట ఎవరు నమ్ముతారు? భయంతో అన్నీ ఎక్కువ చేసి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వారాంతం రెండు బీర్లయితే రెండు బీర్లని, నాలుగు పెగ్గులయితే నాలుగని. ఇంతకు ముందు కేసులు లేకుండా, రీడింగ్ 0.14 దాటకుండా, తాగుడు వ్యసనం లేదని తేలితే ఏడీఈటీఎస్ అనే క్లాసు సరిపోతుంది. అది కనీసం 16 గంటలు, ఫీజు 160 డాలర్లు. సమస్య ఉందని తేలితే 20 గంటల నుంచి 90 గంటల దాకా చికిత్స సూచిస్తారు. అలా సూచిస్తే దాన్ని శిక్ష అనుకోవద్దు. ఆ చికిత్సకి వెళ్లాక కుటుంబాలు నిలబడటం నేను చూశాను.

ఈ అసెస్‌మెంట్ ఒక్కటే రెండు చోట్ల పనికొస్తుంది. ఇప్పుడు ప్రివిలేజ్‌కి కావాలి. రేపు కేసు శిక్ష దాకా వెళ్తే, మీ అంతట మీరే ముందుగా అసెస్‌మెంట్ చేయించుకుని, సూచించిన క్లాసుల్లో పాల్గొన్నారన్నది శిక్ష తగ్గించే అంశాల్లో ఒకటి. కాబట్టి రేపు ఉదయమే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆ ఆఫీసుకి కూడా ఊబర్‌లో వెళ్లండి.

రెండో కాగితం డీఎల్-123. మీకు లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందని మీ ఇన్సూరెన్స్ ఏజెంట్ ఇచ్చే ఫారం ఇది. జారీ చేసిన రోజు నుంచి 30 రోజులే చెల్లుతుంది. అందుకని మరీ ముందు కాకుండా సోమవారమో మంగళవారమో తీసుకోండి. "ఏజెంట్‌కి ఫోన్ చేస్తే విషయం తెలిసిపోయి ప్రీమియం పెరుగుతుందేమో" అని టెన్షన్ పడతారు. నేరం రుజువైతే ఇన్సూరెన్స్ లెక్కల్లో 12 పాయింట్లు పడతాయి, ప్రీమియం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది కోర్టు తీర్పు వల్ల వచ్చేది. ఫారం అడగకుండా దాచినంత మాత్రాన ఆగదు.

మూడోది ఆఫీసు లెటర్. మీ విషయంలో ఇదే కీలకం. కొంచెం ఓపిగ్గా చదవండి.

ప్రివిలేజ్ అంటే తగ్గించి ఇచ్చిన లైసెన్స్ కాదు. ఫలానా పనికి, ఫలానా సమయంలో నడపొచ్చని కోర్టు రాసిచ్చే ఆర్డర్. చట్టం ఒప్పుకునే పనులు ఇవి: ఉద్యోగం, ఇంటి అవసరాలు, చదువు, కోర్టు చెప్పిన అసెస్‌మెంట్ లేదా చికిత్స, శిక్షలో భాగమైన కమ్యూనిటీ సర్వీస్, అత్యవసర వైద్యం, ఆరాధన. వీటికి ఒక సమయం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా. చట్టం దాన్నే మామూలు పని గంటలు అంటుంది. ఆ గంటల్లో ఆఫీసుకి వెళ్లిరావడం సులభంగా దొరుకుతుంది. ఆ గంటలు దాటిన ఉద్యోగ ప్రయాణానికి యజమాని ఇచ్చిన రుజువు కావాలి. దాన్ని ఆర్డర్‌కి జత చేస్తారు.

మీ గురువారం రిలీజ్ రాత్రి పదకొండుకి మొదలై తెల్లవారుజామున రెండింటికి అయిపోతుంది అన్నారు. లెటర్‌లో అది స్పష్టంగా ఉండాలి: ఏ రోజు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ అడ్రస్‌లో పని. "అవసరాన్ని బట్టి ఏ సమయంలోనైనా పనిచేయాలి" అని హెచ్‌ఆర్ వాళ్లు మామూలుగా రాసే వాక్యంతో జడ్జి తృప్తిపడరు. కన్సల్టింగ్ కంపెనీ ద్వారా క్లయింట్ దగ్గర చేస్తుంటే లెటర్ ఎవరిస్తారనేది ఇంకో చిక్కు. మీకు జీతమిచ్చే యజమాని మీ కన్సల్టింగ్ కంపెనీ కాబట్టి లెటర్ వాళ్ల లెటర్‌హెడ్ మీద, సంతకంతో ఉండాలి. పని జరిగే చోటు మాత్రం క్లయింట్ అడ్రస్ వేయాలి. రెండేళ్ల క్రితం ఒకాయన లెటర్‌లో కంపెనీ హెడ్ ఆఫీస్ అడ్రస్ పడింది, అది న్యూజెర్సీలో ఉంది. ఆ పొరపాటు సరిచేసి మళ్లీ తేవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన ఊబర్‌కి పెట్టిన ఖర్చు లాయర్ ఫీజులో సగానికి దగ్గరగా వచ్చింది. ఇంకో దారి కూడా ఆలోచించండి. రిలీజులు ఇంటి నుంచి చేసే వీలుంటే ఈ నెల రోజులు మేనేజర్‌ని అడగండి. కారణం మొత్తం చెప్పనక్కర్లేదు, "రాత్రిపూట డ్రైవ్ చేయలేని పరిస్థితి" అంటే చాలు. జడ్జిని అడిగే గంటలు ఎంత తగ్గితే ఆర్డర్ అంత త్వరగా చేతికొస్తుంది.

పాపని డే కేర్‌లో దింపడం ఇంటి అవసరాల కిందికి వస్తుందని మా ఆఫీసులో అడుగుతాం. అది వారపు రోజుల్లో, ఆ ఉదయం 6 నుంచి రాత్రి 8 మధ్య జరిగేదే కాబట్టి మీకు ఇబ్బంది ఉండకూడదు. అయినా డే కేర్ పేరు, అడ్రస్ లాయర్‌కి ఇచ్చి అప్లికేషన్‌లో రాయించండి. నోటిమాట మీద వదిలేయొద్దు. దారిలో ఆపిన పోలీసు చేతిలో ఉండేది ఆ కాగితమే. మీ కష్టం ఆయనకి తెలియదు.

ఇంటి అవసరాలంటే పాలు, కూరగాయలు, మందులు. కానీ ఇంటి అవసరాల ప్రయాణం మామూలు పని గంటల్లోనే కుదురుతుంది. అంటే శనివారం ఇండియన్ స్టోర్‌కి వెళ్లడం కుదరదు. ఆదివారం కాస్ట్‌కోకి కుదరదు. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకి పాల డబ్బా కోసం వెళ్లడం కూడా కుదరదు. మా దగ్గరికి వచ్చిన ఒకాయన ప్రివిలేజ్ చేతికొచ్చిన మూడో శనివారం సరుకులు తెద్దామని బయల్దేరారు. "ఇంటి అవసరం అని రాసుంది కదండీ" అన్నారు. రాసింది నిజమే, దాని పక్కన గంటలు కూడా రాసున్నాయి. ఆ ఉల్లంఘనని హక్కు లేకుండా నడిపిన నేరంగానే చూస్తారు. గుడి విషయం వేరు. ఆరాధన చట్టంలో ఉన్న కారణమే. క్యారీలోని వేంకటేశ్వర స్వామి గుడికి శనివారం ఉదయం వెళ్లే అలవాటుంటే సమయం, చోటు చెప్పి ఆర్డర్‌లో చేర్చమని అడగొచ్చు. గుడి అని రాయించుకుని, దారిలో స్నేహితుడి ఇంటికి వెళ్లొద్దు. ప్రాణం మీదకొచ్చిన వైద్య అవసరానికి మాత్రం సమయం పట్టింపు లేదు. అయినా అలాంటప్పుడు 911కి ఫోన్ చేయడమే మేలు.

ఇంకో షరతు ప్రతి ప్రివిలేజ్‌లోనూ ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒంట్లో మద్యం మిగిలి ఉండగా నడపకూడదు. 0.08 లెక్క మీకు ఇక వర్తించదు. రాత్రి తాగి పొద్దున ఆరింటికి ఆఫీసుకి బయల్దేరితే ఒంట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు. అందుకని ప్రివిలేజ్ ఉన్నన్నాళ్లూ మందు ముట్టొద్దని నేను ప్రతి క్లయింట్‌కీ చెప్తాను. మీకూ అదే చెప్తున్నాను.

జడ్జి ప్రివిలేజ్ ఇస్తే 100 డాలర్ల ఫీజు ఉంటుంది. 30 రోజులు అయిపోయాక లైసెన్స్ దానంతట అదే తిరిగిరాదు. క్లర్క్ ఆఫ్ కోర్ట్ దగ్గర మరో 100 డాలర్లు సివిల్ రివొకేషన్ ఫీజు కట్టాలి. కట్టేదాకా నిలిపివేత సాగుతూనే ఉంటుంది. "30 రోజులు అయిపోయాయి కదా" అని ముప్పై ఒకటో రోజు కారు తీసి దొరికినవాళ్లు ఉన్నారు. ఫీజు కట్టి లైసెన్స్ వెనక్కి తెచ్చుకున్నాక కోర్టు తీర్పు దాకా మామూలుగా నడపొచ్చు.

ఇప్పుడు రెండో దశ. తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే లైసెన్స్ ఏడాది పోతుంది, అప్పుడు మళ్లీ ప్రివిలేజ్ అడగాలి. దానికి అర్హత శిక్ష స్థాయిని బట్టి ఉంటుంది. ఇక్కడ డీడబ్ల్యూఐ శిక్షలకి ఆరు స్థాయిలు ఉన్నాయి. అన్నిటికంటే తీవ్రమైన స్థాయి, ఆ తర్వాత ఒకటి నుంచి అయిదు దాకా. అయిదు తేలిక. మూడు, నాలుగు, అయిదు స్థాయిల్లో శిక్ష పడినవాళ్లకే ప్రివిలేజ్. గడిచిన ఏడేళ్లలో మరో డీడబ్ల్యూఐ శిక్ష ఉండకూడదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీరు ఈ వరుసలోనే ఉంటారు. అయిదో స్థాయిలో జరిమానా 200 డాలర్లు మించదు, 24 గంటల జైలు లేదా 24 గంటల కమ్యూనిటీ సర్వీస్ షరతుతో శిక్ష నిలిపివేయొచ్చు.

కారులో మీరొక్కరే ఉన్నారని రాసినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కారులో ఉంటే కేసు నేరుగా ఒకటో స్థాయికి పోతుంది. అక్కడ జైలు ఖాయం, ప్రివిలేజ్ ఉండదు. మన పార్టీల తీరు మీకు తెలుసు. కుటుంబాలతో వెళ్తాం, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటారు, "ఇంటికి పది నిమిషాలే కదా" అనుకుంటాం. ఇది చదివే ప్రతి తల్లీ తండ్రీ ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

రీడింగ్ 0.15 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవాళ్లకి తీర్పు తర్వాత ప్రివిలేజ్ రావాలంటే కారులో ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ పెట్టించుకోవాలి. గొట్టంలోకి ఊదితేనే ఇంజిన్ స్టార్ట్ అయ్యే పరికరం అది. మీది 0.11 కాబట్టి ఆ నిబంధన తప్పనిసరి కాదు. బ్రెత్ టెస్ట్‌కి ఒప్పుకోనివాళ్ల సంగతి ఇంకా కష్టం. "ఊదకపోతే రుజువు ఉండదు" అని వాట్సాప్ గ్రూపుల్లో సలహాలు తిరుగుతుంటాయి. ఒప్పుకోకపోతే కేసు గెలిచినా ఓడినా డీఎంవీ విడిగా 12 నెలలు లైసెన్స్ ఆపుతుంది. అందులో ఆరు నెలలు గడిచి, కేసు తేలి, ఇంకొన్ని షరతులు తీరితేనే ప్రివిలేజ్ అడిగే వీలుంటుంది.

ఏడాది అయ్యాక లైసెన్స్ తిరిగి రావాలంటే అసెస్‌మెంట్‌లో సూచించిన క్లాసులు పూర్తయ్యాయని ఏజెన్సీ 508 అనే సర్టిఫికెట్ పంపాలి. అది లేకపోతే ఏడాది గడిచినా లైసెన్స్ రాదు. క్లాసులు మొదట్లోనే పూర్తి చేయండి. ఇల్లు మారితే 60 రోజుల్లోపు డీఎంవీకి కొత్త అడ్రస్ చెప్పడం మర్చిపోవద్దు. డీఎంవీ నోటీసులన్నీ రికార్డులో ఉన్న అడ్రస్‌కే వస్తాయి. లీజు అయిపోయి ఇల్లు మారినవాళ్లకి అవి అందక తెలియకుండానే కొత్త కేసుల్లో ఇరుక్కున్నారు.

ఈ పది రోజుల్లో నడిపితే ఏమవుతుందో కూడా చెప్పాలి. డీడబ్ల్యూఐ వల్ల హక్కు పోయి ఉండగా నడపడం క్లాస్ 1 మిస్‌డెమీనర్, అంటే చిన్న తరగతిదైనా క్రిమినల్ నేరమే. గరిష్ఠంగా 120 రోజుల జైలు పడొచ్చు. రుజువైతే లైసెన్స్ ఇంకో ఏడాది పోతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఆరో రోజున పాపకి జ్వరం మందు కోసం ఫార్మసీకి వెళ్లాడు. మైలున్నర దూరం. వెనక లైట్ పనిచేయడం లేదని ఆపారు. అతని మొదటి కేసు చివరికి మంచిగానే తేలింది. కానీ రెండో కేసు వల్ల ఇంకో ఏడాది బస్సుల్లో తిరిగాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. మోరిస్‌విల్‌లో స్మార్ట్ షటిల్ ఉచితంగా తిరుగుతుంది. గోట్రయాంగిల్ బస్సులు ఉన్నాయి. పక్కింటివాళ్లని అడగడానికి మొహమాటపడొద్దు. అదే డే కేర్‌కి వెళ్లే కుటుంబం ఒకటైనా మీ కమ్యూనిటీలో ఉండే ఉంటుంది. వీలైతే మీ ఆవిడని ఈ వారంలోనే డ్రైవింగ్ క్లాసుల్లో చేర్చండి. హెచ్‌4 వాళ్లకి ఇక్కడ లైసెన్స్ తీసుకోవడానికి అడ్డేమీ లేదు. రేపు ఏడాది నిలిపివేత వస్తే ఇల్లు నడిచేది ఆవిడ డ్రైవింగ్ మీదే.

షార్లట్ వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. ఈ ప్రివిలేజ్ నార్త్ కరోలినా కోర్టు ఇచ్చేది. మీరు ఫోర్ట్ మిల్‌లోనో ఇండియన్ ల్యాండ్‌లోనో ఉండి, ఆఫీసు షార్లట్‌లో ఉంటే రోజూ సౌత్ కరోలినా సరిహద్దు దాటుతారు. అవతలి స్టేట్ నియమాలు వేరు. రెండు స్టేట్‌ల విషయం తెలిసిన లాయర్‌ని అడగకుండా ఆ రోడ్డు ఎక్కొద్దు.

వీసా సంగతి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. 2015 నవంబర్ నుంచి, తాగి నడిపిన కేసులో అరెస్ట్ అయితే చాలు, తీర్పు రాకముందే స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంప్‌ని రద్దు చేసే వీలుంది. ఆ కబురు ఈమెయిల్‌లో రావొచ్చు. స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి. స్టాంప్ రద్దయినంత మాత్రాన ఇక్కడి మీ స్టేటస్ పోదు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఇండియా వెళ్తే కొత్త స్టాంప్ లేకుండా తిరిగి రాలేరు. ఆ స్టాంపింగ్‌లో ఎంబసీ డాక్టర్ దగ్గర మెడికల్ పరీక్షకి పంపుతారు, దానికి సమయం పడుతుంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో "ఎప్పుడైనా అరెస్ట్ అయ్యారా" అన్న ప్రశ్నకి, కేసు కొట్టేసినా సరే, అవునని రాయాలి. డిసెంబర్‌లో టికెట్లు ఉన్నాయన్నారు. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడేదాకా వాటిని కదిలించొద్దు, కొత్తవి కొనొద్దు. కోర్టు ఇచ్చే ప్రతి కాగితానికీ సర్టిఫైడ్ కాపీ తీసి ఒక ఫైల్లో పెట్టండి. ఇవి గ్రీన్ కార్డు దాకా అడుగుతారు.

మన దగ్గర హైదరాబాద్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు. ఇక్కడి 0.08 అంటే 80 మిల్లీగ్రాములు. "ఇక్కడ లిమిట్ ఎక్కువే కదా" అని ధైర్యం చేసేవాళ్లని చూశాను. ఇక్కడ 0.08 కంటే తక్కువున్నా, మత్తు వల్ల డ్రైవింగ్ సామర్థ్యం తగ్గిందని పోలీసులు రుజువు చేస్తే కేసు నిలబడుతుంది.

కాబట్టి ఈ వారం మీ పనులు ఇవి. రేపు లాయర్‌ని మాట్లాడుకోండి, అసెస్‌మెంట్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి. హెచ్‌ఆర్‌కి రేపే రాయండి, లెటర్‌లో క్లయింట్ అడ్రస్, గురువారం గంటలు ఉండేలా చూడండి. సోమవారం డీఎల్-123 అడగండి. డే కేర్ అడ్రస్, గుడి సమయం లాయర్‌కి ఇవ్వండి. ఇవన్నీ మంగళవారం సాయంత్రానికి ఒక ఫైల్లో ఉంటే బుధవారం పొద్దున లాయర్ వాటిని జడ్జి ముందు పెట్టగలరు. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జి నిర్ణయం. కాగితాలు పక్కాగా ఉన్నవాళ్లు ఖాళీ చేతులతో తిరిగిరావడం నేను చాలా అరుదుగా చూశాను.

బుధవారం కోర్టుకి వెళ్లేటప్పుడు కారు మీరు నడపొద్దు. ఫ్రెండ్‌ని తీసుకెళ్లమనండి. ప్రివిలేజ్ తెచ్చుకోవడానికే కారు వేసుకుని వచ్చి, కోర్టు పార్కింగ్‌లో దిగినవాళ్లని నా కళ్లతో చూశాను. సంతకమైన ఆర్డర్ మీ చేతికి వచ్చాక కూడా అక్కడే నిలబడి ఒకసారి మొత్తం చదవండి. పేరు, అడ్రస్, రోజులు, గంటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తప్పుంటే అక్కడికక్కడే లాయర్‌కి చెప్పి సరిచేయించండి. ఒరిజినల్ ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, ఫోన్‌లో ఫొటో మీద ఆధారపడొద్దు. హెచ్‌ఆర్ లెటర్ డ్రాఫ్ట్ వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. జడ్జికి ఏది చాలదో చూసి చెప్తాను.